వచ్చే ఆదివారానికి గాలాలు

వంటింట్లోంచి,
మార్చి మొదట్లో

వదినగారికి,

ఇది మీ మరదలు కుంటుతూ రాస్తున్న ఉత్తరం. కుంటించినవారు మీ తమ్ముడుగారే. నిన్న ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఆయన చొక్కా జేబులోంచి గాలం జారి కింద పడింది. అది నా కంటికి కనపడలేదు, నా మడమకి కనపడింది. లాగితే వచ్చేది కాదట, దానికి వెనక్కి తిరిగిన ముల్లుంటుందట. ఆయన పరుగెత్తుకొచ్చి నా కాలు ఒళ్ళో పెట్టుకుని చూసి ఏమన్నారో తెలుసా? "అయ్యో, ఇది ఇక్కడుందా! దీనికోసం ఇల్లంతా వెతికాను!"

ఈ ఇల్లు మాది కాదు వదినగారూ. గాలాలది. మేం ముగ్గురం వాటి దగ్గర అద్దెకుంటున్నాం. తలుపు వెనక కర్రలు. మంచం కింద దారపు చుట్టలు. బీరువా పై అర అంతా దారం చుట్టే రీళ్ళు. కాఫీపొడి డబ్బా అనుకుని తెరిస్తే సీసం గుండ్లు. మా చిట్టి బడికి తీసుకెళ్ళే రంగు పెన్సిళ్ళ డబ్బాలో రబ్బరు చేపలు దొరికితే, టీచరు పిలిచి మరీ చెప్పింది. పోనీ ఇన్ని పెట్టుకుని తెచ్చేదేమైనా ఉందా అంటే, పోయిన నెల తెచ్చిన చేపని చూసి పక్కింటి పిల్లి మొహం తిప్పుకుంది.

"చేపకి నోరు ఒకటే కదండీ, ఇన్ని గాలాలెందుకు?" అని అడిగాను. ఒక బొమ్మ చేపని చూపించి ఇది మబ్బు పట్టిన రోజుకి అన్నారు. ఇంకోటి చూపించి ఇది నీళ్ళు తేటగా ఉన్న రోజుకి అన్నారు. "రెండూ ఒకటేగా?" అన్నాను. "కాదు, అది వేరు, ఇది వేరు" అన్నారు. పక్కపక్కన పెట్టి చూసినా నాకు తేడా కనపడలేదు. వాటిని చేసినవాడికి కూడా కనపడదని నా అనుమానం.

విచిత్రం ఏమిటంటే, ఆయన లిఫ్టులు బాగుచేసే పనికి తీసుకెళ్ళే సంచి మాత్రం ఎప్పుడూ తేలిగ్గా ఉంటుంది. నాలుగు పనిముట్లు, ఒక టార్చి. "ఇందులో కూడా ఒకటికి రెండు పెట్టుకోరాదా?" అంటే, "కంపెనీ ఇచ్చినవి చాలు" అంటారు.

చిన్నప్పుడు మీరూ ఆయనతో గట్టు మీద కూర్చునేవారట కదా. మీ పుట్టింటివాళ్ళకి ఈ రోగం ఎక్కడిది? మందుంటే రాయండి.

మీ మరదలు

*

కళ్ళద్దాల కొట్టు నుంచి,
మార్చి

మరదలా,

నీ మడమ తగ్గిందనుకుంటున్నాను. తగ్గకపోయినా రుసరుసలాడే ఓపిక నీకుందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. బేరాలు లేని పూట చూసి జవాబు రాస్తున్నాను.

రోగం మా నాన్నది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఇంట్లో గడియారాల కంటే గాలాలే ఎక్కువ ఉండేవి. మా అమ్మ నీలాగే తిట్టేది, నీకంటే బాగా తిట్టేది. అందుకని మందు లేదు కానీ, రోగం ఎలా వస్తుందో చెప్తాను.

నీళ్ళ కింద ఏం జరుగుతోందో గట్టు మీదవాడికి కనపడదు. పొద్దుటినుంచి కూర్చుంటాడు. చేప రాదు. చేపని తిట్టలేడు, అది ఎదురుగా లేదు. తనని తాను తిట్టుకుంటే మళ్ళీ రాబుద్ధి కాదు. అందుకని గాలాన్ని తిడతాడు. ఇది సరైంది కాదు, ఇంకోటి ఉండాల్సింది అంటాడు. ఆ ఇంకోటి కొంటాడు. కొన్నాక దాన్ని ప్రయత్నించాలి కదా? అందుకు ఇంకో ఆదివారం కావాలి. అంతే. వాళ్ళు కొనేది గాలాలు కాదే పిల్లా, వచ్చే ఆదివారాలు. వచ్చే ఆదివారం తప్పకుండా పడుతుందనే నమ్మకం డబ్బాలో పెట్టి అమ్ముతుంటే ఎవరు మాత్రం కొనరు?

అన్నీ ఉన్నవాడికి ఇంక వంక దొరకదు. అందుకే వాళ్ళకి ఎప్పుడూ ఒకటి తక్కువుంటుంది. నాన్నకి ఆకుపచ్చ వీపు, మధ్యలో కీలు ఉన్న చెక్క చేప ఒకటి ఉండేది. నీళ్ళలో తోక ఊపుకుంటూ పోయేది. అది నీళ్ళ అడుగున చెట్టు వేళ్ళలో చిక్కుకుని పోయింది. అలాంటిదే ఇంకోటి కావాలని నాన్న వెతకని కొట్టు లేదు. ఆయన ఏట్లో కాలు జారి పోయాక ఆ వెతుకులాట మా బెండుకి ఆస్తిగా వచ్చింది.

వాణ్ణి బెండు అని ఎందుకు పిలుస్తామో నీకు చెప్పానా? నడక రాని వయసులో నీళ్ళ తొట్టిలో పడ్డాడు. అమ్మ కేకలు పెట్టుకుంటూ వచ్చేసరికి వెల్లకిలా తేలుతూ నవ్వుతున్నాడు. గాలానికి కట్టే బెండులాగే వీడు మునగడు అన్నాడు నాన్న. అదే పేరైంది.

కాబట్టి కొననీ. వాడు కొంటున్నంత కాలం నీకు ఏ భయమూ లేదు. చెప్పులు వేసుకుని తిరుగు.

మీ అన్నయ్య ఓడ మీద వంటలు చేస్తూ ఎక్కడో నడిసముద్రంలో ఉన్నారు. చిట్టికి ముద్దులు.

నీ వదిన

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ చివర

వదినగారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆయన క్షేమంగానే ఉన్నారు. ముందు ఆ మాట రాస్తే మీరు కంగారుపడరని రాస్తున్నాను.

బస్సు డిపో వెనక ఒక పాత మేడ ఉంది. దాని లిఫ్టు ఆయనే చూస్తారు. మూడో అంతస్తులో తలుపు గడియ అరిగిపోయింది. లిఫ్టు అక్కడ లేకపోయినా గట్టిగా లాగితే తలుపు వచ్చేస్తోంది. కొత్త గడియ కావాలని కంపెనీకి చెప్పారు. స్టాకు లేదు, తెప్పిస్తాం అన్నారు. ఆయన లిఫ్టు ఆపేస్తానంటే మేడలోవాళ్ళు ఒప్పుకోలేదు. పైన ముసలివాళ్ళున్నారు, మెట్లెక్కలేరు, కాస్త సర్దుకోండి అన్నారు. ఆయన ఆ తలుపుని ఇనప తీగతో బిగించి కట్టి, వాడొద్దని రాసి అంటించి వచ్చారు.

తీగ ఎవరు విప్పారో ఎవరూ చెప్పడం లేదు. అక్కడ కుట్టుపని చేసుకునే ఒక పెద్దావిడ ఉండేది. చూపు సరిగా ఆనదు. బట్టల మూట పట్టుకుని తలుపు లాగి అడుగు లోపల పెట్టింది. లోపల లిఫ్టు లేదు.

కొత్త గడియ మర్నాడు వచ్చింది.

ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ కొడుకు కూడా, "మీరు చెప్పారు, మావాళ్ళే వినలేదు" అన్నాడట. అదే ఆయన తట్టుకోలేకపోతున్నారు. తిట్టి ఉంటే బాగుండేది అంటున్నారు. పని సంచి తెచ్చి నా ముందు బోర్లించి, "చూడు, ఇంట్లో గాలం పోతే గాలం, అది పోతే ఇంకోటి దాచుకున్నాను. ఇందులో ఒక్క గడియ అదనంగా పెట్టుకోలేకపోయాను" అన్నారు. మార్చిలో నేను నవ్వుతూ అన్న మాటే ఇది. ఇప్పుడు ఆయన నోటివెంట విని, కింద పడ్డ పనిముట్లు ఏరి మళ్ళీ సంచిలో పెట్టాను.

విచారణ జరుగుతుందట. అన్నం ముందు కూర్చుంటారు, తినరు. చిట్టి పిలిస్తే పలుకుతారు, వినరు. మీరొకసారి వస్తే బాగుంటుంది.

మీ మరదలు

*

మంచం మీద నుంచి,
మే

అమ్మాయ్,

నీ ఉత్తరం అందిన రోజే బయలుదేరుదామనుకున్నాను. తొందరలో కొట్టు ముందున్న మెట్టు తప్పి పడ్డాను. తొడ దాకా కట్టు కట్టారు. పక్కమీద నుంచి దిగాలంటే ఇంకొకరు కావాలి. నా అంత తెలివిగలది ఈ సమయంలోనే కాలు విరగ్గొట్టుకోవాలా!

వాడి తప్పు కాదని నువ్వు వాడికి చెప్పకు. చెప్పినకొద్దీ వాడు లోపల్లోపల వాదించుకుంటాడు, నాకు తెలుసు. పక్కన కూర్చో, చాలు. నిద్ర పడుతోందా? మందు ఏదైనా రాయించావా? గట్టుకి వెళ్తున్నాడా? గాలాల కొట్టుకి వెళ్తున్నాడా? ఈ చివరి ప్రశ్న వెర్రిగా ఉందనుకోకు, తప్పకుండా జవాబు రాయి.

నీ వదిన

*

ఇంటి నుంచి,
జూన్ మధ్యలో

వదినగారికి,

మీ కాలు ఎలా ఉంది? ఈసారి శుభవార్తలు రాస్తున్నాను, చదివాక మీ నొప్పి సగం తగ్గాలి.

విచారణ అయిపోయింది. మీ తమ్ముడి తప్పేమీ లేదని తేల్చారు. గడియ వేళకి పంపకపోవడం కంపెనీ తప్పన్నారు. ఆయన విని తలూపారు. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు అన్నం కంచంలోనే వదిలేశారు. కానీ పోయిన వారం నుంచి మనిషి మారిపోయారు వదినగారూ! పొద్దున్నే లేస్తున్నారు. పెట్టింది తింటున్నారు. చిట్టికి లెక్కలు చెప్తున్నారు. నిన్న మా ఇంట్లో ఉన్న ప్రతి తలుపుకీ కొత్త గడియ బిగించారు, స్నానాలగది తలుపుతో సహా. ఎన్నాళ్ళనుంచో కారుతున్న కుళాయి బాగుచేశారు. నేను పనిచేసే అచ్చు ప్రెస్సుకి వచ్చి, నేను కాగితాలు మడుస్తుంటే పని అయ్యేదాకా బయట నిలబడి నన్ను ఇంటికి తీసుకొచ్చారు. పెళ్ళైన కొత్తలో కూడా అలా రాలేదు.

గాలాల కొట్టు సంగతి అడిగారు. దాని జవాబే అసలు శుభవార్త. ఏప్రిల్ నుంచి ఒక్క గాలం కొనలేదు! కొనకపోవడమే కాదు, మంచం కింద ఖాళీ, తలుపు వెనక ఖాళీ. రీళ్ళన్నీ తుడిచి నూనె వేసి గట్టు మీద స్నేహితులకి పంచేశారు. "ఇన్ని ఎందుకు, అడ్డం" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడానికి నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో మీకు తెలుసు. ఒక్క కర్ర ఉంచుకున్నారు. తన ఎర్ర బెండు చిట్టికిచ్చేశారు. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరుగుతున్నాను.

మీరు మందు లేదన్నారు కదా, చూడండి మరి, మీ పుట్టింటి రోగం కుదిరిపోయింది.

మీ మరదలు

*

మంచం మీద నుంచి,
జూన్, గురువారం

అమ్మాయ్,

ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్ తపాలాలో వేయిస్తున్నాను. నువ్వు నిలబడి చదువుతుంటే కూర్చో. వాడు పక్కనుంటే లోపలికి వెళ్ళి చదువు.

మా నాన్నకి ఏట్లో కాలు జారలేదు.

నేను అప్పటికి ఎనిమిదో తరగతి. మీ ఆయన చిన్నవాడు. అంతకుముందు నాన్న చాలా నెలలు దిగులుగా ఉన్నాడు, ఎందుకో మాకెవరూ చెప్పలేదు. ఉన్నట్టుండి తేరుకున్నాడు. గాలాలు కొనడం మానేశాడు. ఉన్నవి తుడిచి ఎవరెవరికో ఇచ్చేశాడు. బాగుచెయ్యాల్సిన గడియారాలన్నీ పూర్తిచేసి ఎవరివి వాళ్ళకి అప్పగించాడు. ఇల్లు ఖాళీ అయిందని అమ్మ పొంగిపోయింది, అచ్చం నీలాగే. ఒక ఆదివారం కర్ర తీసుకుని వెళ్ళాడు. ఎర డబ్బా గుమ్మం దగ్గరే ఉండిపోయింది. మరిచిపోయాడనుకుని నేను డబ్బా పట్టుకుని వెనకాలే పరుగెత్తాను. వీధి చివర అందుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టి, "ఇవాళ అవసరం లేదులే తల్లీ" అన్నాడు.

సాయంత్రం అమ్మ, కాలు జారిందని చెప్పింది. మేమూ అందరికీ అదే చెప్పాం. చెప్పగా చెప్పగా నీకు కూడా అదే రాశాను. నీ మొగుడికి ఈనాటికీ అసలు సంగతి తెలియదు.

కొనేవాడు వచ్చే ఆదివారం ఉందనుకుంటాడు. మానేసి పంచిపెట్టేవాడు లేదనుకుంటాడు. ఇదంతా నా పిచ్చి భయం కావచ్చు, అలా అయితే జీవితాంతం నన్ను వెక్కిరించు. ఇప్పుడు మాత్రం నేను చెప్పింది చెయ్యి. వాణ్ణి ఒంటరిగా వదలకు. ఆదివారం గట్టుకి వెళ్తానంటే నువ్వూ వెళ్ళు. "చచ్చిపోవాలని ఉందా?" అని ఎదురుగా కూర్చుని అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, అలా పుట్టదు. మమ్మల్ని ఎవరూ అడగనివ్వలేదు. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

మీ ఇంట్లో ఫోను లేకపాయె. వాడు నాకు పుస్తకాలు పంపిన సంచి మీద గాలాల కొట్టు నంబరుంటే దానికి చేశాను. కొట్టాయన మంచివాడిలాగే ఉన్నాడు. ఇంటికి వెళ్ళి వాణ్ణి పలకరించమన్నాను. వెళ్తానన్నాడు. ఈ దిక్కుమాలిన కాలు లేకపోతే నేనే వచ్చి వాడి చొక్కా పట్టుకునేదాన్ని.

నీ వదిన

*

జూలై

మీకు,

మీ ఉత్తరం సోమవారం వచ్చింది. మేము నది దగ్గర్నుంచి ఆయన్ని తీసుకొచ్చేసరికి గుమ్మంలో పడి ఉంది. పైన మీ దస్తూరీ చూసి ఎవరో తీసి నా చేతిలో పెట్టారు. అందరూ ఏడుస్తుంటే నేను నిలబడి చదువుకున్నాను.

ఆదివారం పొద్దున వెళ్ళారు. నేనూ వస్తానని కూడా అనలేదు, ఎందుకంటాను? బాగున్నారు కదా. వెళ్ళేముందు చిట్టికి జడ వేశారు, వంకరగా. ఎవరిదో పడవ అడిగి తీసుకుని నది మధ్యకి వెళ్ళారట, అది బోర్లా పడిందని గట్టు మీదవాళ్ళు అంటున్నారు. గాలి ఎక్కువగా ఉందని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన గాలి లేదన్నాడు.

ఎర డబ్బా ఇంట్లోనే ఉంది. మీ ఉత్తరం చదివాకే దానికోసం చూశాను. పొయ్యి పక్కన ఉంది. అది రోజూ అక్కడే ఉంటుందో, ఆ రోజే ఉందో నాకు గుర్తు రావడం లేదు. ఆ డబ్బాల్ని నేను ఎన్నడూ సరిగా చూడలేదు, తిట్టడానికి తప్ప.

"వాడు కొంటున్నంత కాలం నీకు ఏ భయమూ లేదు" అని మార్చిలో రాశారు. నేను నవ్వుకున్నాను. పక్కింటావిడకి చదివి వినిపించాను కూడా. ఆ మాటకి వెనక ఇంత ఉందని మీకు తెలుసు, నాకు తెలియదు. తెలిసి ఉంటే, ఆయన బీరువా ఖాళీ చేస్తున్న రోజు నేను గుడ్డ తీసుకుని పక్కన కూర్చుని రీళ్ళు తుడిచి ఇచ్చేదాన్ని కాదు. అవును, తుడిచి ఇచ్చాను. పాట పాడుకుంటూ తుడిచాను.

మీ కుటుంబం మొత్తం నోళ్ళు కట్టుకుని కూర్చుంది, ఆ ఫలితం నాకొచ్చింది. ఇంతకంటే రాయలేను.

*

మంచం మీద నుంచి,
జూలై

అమ్మాయ్,

నువ్వు అన్న ప్రతి మాటా పడతాను. ఇంకా అను.

వాడి ముఖం చివరిసారి చూడడానికి కూడా నేను కదల్లేకపోయాను. నన్ను నలుగురు మోసుకొస్తామన్నారు, డాక్టరు ఒప్పుకోలేదు. కిటికీలోంచి వీధి చూస్తూ పడుకున్నాను. వాణ్ణి నేను భుజాన మోసిన రోజులు గుర్తొస్తున్నాయి. తొట్టిలో పడి తేలాడని నవ్వుతూ చెప్పుకున్నాం. వాడు మునగడని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు నాన్న పెట్టాడు. ఇప్పుడు ఆ పేరు నా నోట రావడం లేదు.

వాడి మనసులో ఆ క్షణంలో ఏముందో నాకు తెలియదు. నీళ్ళ కింద ఏం జరుగుతుందో గట్టు మీదవాళ్ళకి కనపడదని నేనే నీకు రాశాను.

నీ వదిన

*

ఇంటి నుంచి,
ఆగస్టు

వదినా,

ఇవాళ మీకు తప్ప ఇంకెవరికీ రాయలేను, అందుకే కోపం పక్కన పెట్టి రాస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదవండి.

పొద్దున గాలాల కొట్టు నుంచి పనివాడొకడు చిన్న అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. పైన ఆయన పేరు. యజమాని ఊళ్ళో లేడట, వచ్చిన సరుకు వచ్చినట్టు పంచమన్నాడట. తెరిచి చూస్తే చెక్క చేప. ఆకుపచ్చ వీపు. మధ్యలో కీలు. బల్ల మీద పెట్టి తోక ముట్టుకుంటే ఊగింది.

ఆయన తెప్పించుకున్నారు వదినా! మీరే కదా చెప్పారు, కొనేవాడు వచ్చే ఆదివారం ఉందనుకుంటాడని! చచ్చిపోదామనుకున్నవాడు చేప కోసం ఆర్డరు ఇస్తాడా? ఉన్నవన్నీ పంచేసింది, ఇది వస్తోంది కదా, ఇది ఒక్కటి చాలని కాబోలు. నేనేం తప్పు చూడలేదు. నేను తుడిచి ఇచ్చింది ఆయన చావుకి కాదు. నిజంగానే పడవ బోర్లా పడింది. ఆయన మమ్మల్ని వదిలి వెళ్ళలేదు, వెళ్ళిపోయారంతే.

ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో మీకు తెలుసు. ఆ రోజు తర్వాత మొదటిసారి కడుపు నిండా తిన్నాను. అవునని ఒక్క మాట రాయండి.

మీ మరదలు

*

కొట్టు నుంచి,
ఆగస్టు

అమ్మాయ్,

అవును. వచ్చే ఆదివారం లేదనుకున్న మనిషి కోసం ఎవరూ చేపని తెప్పించరు.

కట్టు విప్పారు, కర్ర పట్టుకుని నడుస్తున్నాను. నువ్వు తింటున్నావు కదా, అది మానకు. చిట్టిని దగ్గర పడుకోబెట్టుకో.

నీ వదిన

*

ఇంటి నుంచి,
సెప్టెంబరు

వదినకి,

మొన్న కొట్టుకి వెళ్ళాను. ఆయన ఏ రోజున వచ్చి ఆ చేప కావాలన్నారో, ఏ చొక్కా వేసుకున్నారో, నవ్వుతూ అడిగారో లేదో, అవన్నీ తెలుసుకుందామని వెళ్ళాను. ఇలాంటివి పోగుచేసుకుంటున్నాను ఈమధ్య. చిట్టి కూడా వచ్చింది. అది లోపల అరల మధ్య తిరుగుతుంటే నేను కొట్టాయన్ని అడిగాను.

"ఆయన కాదమ్మా. ఎవరో ఒకావిడ ఫోన్ చేసి తెప్పించమన్నారు. వాళ్ళ అక్కగారట" అన్నాడు.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. అతను మంచినీళ్ళిచ్చాడు. ఆ మిగతాది నేను అడక్కపోయినా చెప్పాడు. మీరు చెప్పమన్నట్టే శనివారం మా ఇంటికి వచ్చాడట. నేను ప్రెస్సులో ఉన్నాను. "నువ్వు ఇన్నేళ్ళుగా వెతికే ఆకుపచ్చ చేప దొరికింది, వచ్చేవారం నీ చేతిలో ఉంటుంది" అని చెప్పాడట. ఆయన టీ కలిపి ఇచ్చారట. తాగిన గ్లాసులు కడిగి బోర్లించి వచ్చారట. చివరికి నవ్వి, "వస్తే చిట్టికి ఇవ్వండి" అన్నారట.

ఇంటికొచ్చి మీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. ఆయన తెప్పించుకున్నారని మీరు ఎక్కడా రాయలేదు. ఎవరూ తెప్పించరు అని రాశారు. వచ్చే ఆదివారం ఉందనుకున్నది మీరు. మంచం దిగలేని మనిషి ఒక చెక్క చేపతో తమ్ముణ్ణి గట్టుకి లాగాలని చూసింది. అది ఆలస్యంగా వచ్చింది. ఆ గడియ కూడా అలాగే వచ్చింది.

నాకు కోపం లేదు. ఆ ఒక్క "అవును" తో కొన్ని వారాలు అన్నం తిన్నాను, అది అబద్ధమైనా నా ఒంటికి పట్టింది. కానీ ఇంక చాలు వదినా. మీ అమ్మగారు మీకు పెట్టిన అబద్ధం నేను చిట్టికి పెట్టలేను. రేపు అది పెరుగుతుంది, ఎవరి ఇంటికో వెళ్తుంది, ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నట్టుండి అన్నీ పంచిపెట్టి తేరుకున్నట్టు కనిపిస్తారు. అప్పుడు అది నాలాగా పాడుకుంటూ తుడిచి ఇవ్వకూడదు.

అందుకని నిన్న కూర్చోబెట్టి చెప్పాను. నాన్న పడవ ప్రమాదంలో పోలేదని చెప్పాను. నాన్న మనసుకి పెద్ద జబ్బు చేసిందని, మనకి కనపడలేదని, అది నీ వల్లా నా వల్లా రాలేదని చెప్పాను. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది ఏడవలేదు. "అందుకేనా నాన్న బెండు నాకిచ్చేశాడు?" అంది. ఆ పిల్ల అంతా చూస్తూనే ఉంది వదినా. దాన్ని కూడా ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఏడ్చింది, ఇద్దరం ఏడ్చాం.

ఒక్క సంగతి రాయడం మరిచాను. మొన్న కొట్లోంచి లేచి వచ్చేస్తుంటే చిట్టి నా కొంగు పట్టుకుని ఆపింది. దాని చేతిలో ఒక చెక్క చేప ఉంది, మీరు తెప్పించినప్పుడు జతగా వచ్చిందట. ఆకుపచ్చ వీపు, మధ్యలో కీలు. కొనమంది.

"ఇంట్లో ఇలాంటిదే ఉంది కదే" అన్నాను.

"కాదు. అది వేరు, ఇది వేరు" అంది.

ఏం తేడానో అడగలేదు. కొన్నాను.

మీ మరదలు